పాల ప్యాకెట్టు ఫోటో

"ఎడిట్ చేసిన ఫోటోలు, పేపర్లలో టీవీల్లో వచ్చే బొమ్మలు జనం అభిప్రాయాన్ని నిజంగా మార్చేస్తాయా? మీకు ఎప్పుడైనా అనుభవమైందా?" అని అడిగారు.

అయింది. అది కూడా మా ఇంట్లోనే. అయితే మీరు అనుకునే ఎడిటింగ్ వల్ల కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. వైజాగ్‌లో 2009 నుంచి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాను. ఫోటోషాప్‌తోనే నాకు తెల్లారుతుంది. పెళ్లికూతురిని రెండు షేడ్లు తెల్లగా చెయ్యమని వాళ్ల అమ్మగారే పక్కన కూర్చుని చెప్తారు. "మరీ ఎక్కువ వద్దు బాబూ, మా అమ్మాయిలాగే ఉండాలి" అంటూనే, ఇంకొంచెం, ఇంకొంచెం అంటారు. చివరికి పెళ్లికొడుకు తరఫు వాళ్లు వచ్చి "ఈ అమ్మాయి ఎవరండీ" అని అడిగిన సందర్భం కూడా ఉంది. ఇక ప్రీ వెడ్డింగ్ షూట్లు. రుషికొండ దగ్గర తీసిన సముద్రాన్ని మాల్దీవుల నీలంలోకి మార్చకపోతే డబ్బులివ్వరు. ఆ ఫోటోలు చూసి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు "ఏంటండీ, నీళ్లు ఇలా ఉన్నాయి" అని మన బీచ్‌ని తిడతారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, ఒప్పుకుంటాను. ఒకసారి డాల్ఫిన్స్ నోస్ కొండని జరిపి జంట వెనకాలే పెట్టాను. ఈ పని పెద్దవాళ్లే చేశారు లెండి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు కవర్‌లో ఇమడడం లేదని ఈజిప్టు పిరమిడ్లనే దగ్గరకి జరిపింది. అప్పటికి ఫోటోషాప్ పుట్టనే లేదు.

మేం పెళ్లికూతుళ్లని తెల్లబరిస్తే, 1994లో అమెరికాలో టైమ్ పత్రిక ఒక మనిషిని నల్లబరిచింది. హత్య కేసులో అరెస్టయిన నల్లజాతి మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ పోలీసు ఫోటోని బాగా ముదురు చేసి కవర్ మీద వేశారు. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫోటోని ఉన్నదున్నట్టు వేసింది కాబట్టి, రెండూ పక్కపక్కన కనపడి గొడవైంది. నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఎడిటింగ్ అన్నది ఎప్పటికైనా దొరికిపోతుంది. 2015 డిసెంబరులో ప్రధాని కిటికీలోంచి చెన్నై వరదలు చూస్తున్న ఫోటో ఒకటి కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ పెట్టింది. కిటికీ అవతలి దృశ్యం అతికించిందని జనం వెంటనే పట్టేశారు, వాళ్లు తీసేశారు. దొరకనిది కత్తిరింపు. కత్తెరకి సాక్ష్యం ఉండదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. ఆ గాలి చప్పుడు విన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, విననివాళ్లకి చెప్పినా తెలియదు. మర్నాడు తలుపు తీస్తే వీధిలో నిలబడ్డ చెట్టు ఒక్కటి లేదు. పచ్చగా ఉండే కొండలు ఆకు రాలిపోయి మాడినట్టు గోధుమరంగులో ఉన్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు, కుళాయి లేదు. అన్నిటికంటే పాలు లేవు. చంటిపిల్లలున్న ఇళ్లలో ఏడుపులే. ప్యాకెట్టు ఎంత చెబితే అంతకి కొన్న రోజులవి.

నాలుగో రోజు కంచరపాలెంలో మా వీధి చివరికి పాల వ్యాన్ వచ్చింది. నాన్న, నేను లైన్లో నిలబడ్డాం. నాన్న పోర్టులో చేసి రిటైరైన మనిషి, లైను తప్పడం ఆయనకి చేతకాదు. రెండు ప్యాకెట్లు తీసుకుని వెనక్కి తిరిగారో లేదో, ఎదురుగా ఉన్న ముసలాయన తడి కొబ్బరిమట్ట మీద కాలేసి జారాడు. నాన్న ఎడమ చేత్తో ప్యాకెట్లు పైకెత్తి, కుడిచేతికి ఏది అందితే అది పట్టుకున్నారు. అందింది ఆయన చొక్కా కాలరు. ముసలాయన నోరు తెరిచి, నాన్న గుండెల మీద చెయ్యి ఆనించి ఆగాడు. రెండు సెకన్ల పని. తర్వాత ఆయన "నా ప్రాణం నిలబెట్టావు నాయనా" అని దండం పెట్టి తన ప్యాకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరో, ఏ వీధో కూడా అడగలేదు.

రెండు రోజుల తర్వాత ఒక పేపర్లో ఆ ఫోటో వచ్చింది. పేరు చెప్పను. నడుము దాకా కత్తిరించారు. మట్ట లేదు, జారిన కాలు లేదు. నాన్న కాలరు పట్టుకుని, పాల ప్యాకెట్లు గాల్లోకెత్తి, ఒక ముసలాయన్ని కొట్టబోతున్నట్టు ఉంది. కింద "పాల కోసం కొట్లాట" అని నాలుగు మాటలైనా లేని హెడ్డింగు. తీసినతను ఎక్కడో దూరంగా నిలబడి టెలీ లెన్సుతో తీశాడని చూడగానే అర్థమైంది నాకు. ఆ లెన్సు దూరంగా ఉన్నవాళ్లని ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు చూపిస్తుంది. మా లైన్లో మనిషికీ మనిషికీ మూరెడు ఖాళీ ఉంది. ఫోటోలో మాత్రం తొక్కిసలాటే. ఆదివారం ఆర్కే బీచ్‌లో "ఇసకేస్తే రాలనంత జనం" అని వేసే ఫోటోలు సగం ఆ లెన్సు మహిమే, ఈసారి గమనించండి.

అబద్ధం ఒక్క చుక్క లేదు ఆ ఫోటోలో. అంతా నిజం. ఆ నిజమే మా నాన్నని తినేసింది.

ఫోన్లు పనిచెయ్యడం మొదలవగానే మొదటి కాల్ విజయనగరం పెద్దమ్మ దగ్గర్నుంచి. "మేం పాలు పంపమా, ఆ ముసలోడితో ఏటిరా నీకు" అని. నాన్న చెప్పారు. ఆవిడ విని, "అయితే పేపరోళ్లు ఊరికే ఏత్తారేటి" అంది. టీ కొట్టు దగ్గర ఆయన పేరు పాల ప్యాకెట్టు అయిపోయింది. నవ్వుతూనే అనేవారు, కానీ నాన్న టీ కొట్టు మార్చేశారు. నేను సైకిలేసుకుని ఆ పేపరు ఆఫీసుకి వెళ్తే, మెట్ల దగ్గరే ఒకాయన "ఫోటో మార్చలేదు కదా, ఇంకేంటి" అన్నాడు. నిజమే, ఏమనగలను? మార్చి ఉంటే పోట్లాడేవాణ్ని.

ఇంతా అయ్యాక ఓ రాత్రి నాన్న ఆ పేపరు ముక్క పట్టుకుని నా సిస్టమ్ పక్కన కూర్చున్నారు.

"ఒరే, పెళ్లిరోజుకి రాని మావయ్యని దుబాయ్ నుంచి తెచ్చి గ్రూపు ఫోటోలో నిలబెడతావు. ఆ మట్ట, ఆ కాలు పెట్టలేవా?"

పెట్టాను. పక్క సందులో పడున్న మట్ట తెచ్చి, నేనే లుంగీ కట్టి దాని మీద కాలు జార్చి, మా తమ్ముడిచేత తీయించుకున్నాను. పేపరు ముక్కని స్కాన్ చేసి, కింద అతికించి, పేపరు అచ్చు చుక్కలు కలిపి, రంగు సమం చేశాను. రెండు రాత్రులు పట్టింది. నా చేతుల మీద వచ్చిన పనుల్లో అంత శ్రద్ధగా చేసింది లేదు. సరిగ్గా ఆ రోజు జరిగింది జరిగినట్టు వచ్చింది. నాన్న దాన్ని ఎనిమిదీ పన్నెండు సైజులో ప్రింటు తీయించి, పాత టీ కొట్టుకే పట్టుకెళ్లారు.

వాళ్లు చేతులు మార్చుకుంటూ చూశారట. ఒకాయన అన్నాడట, "మీ అబ్బాయి స్టూడియోలోనే కదండీ చేస్తాడు?" ఇంకొకాయన కళ్లజోడు పైకి తోసి, "ఇదిగో చూడండి, పైన మనుషుల నీడ అటు పడింది, కింద కాలి నీడ ఇటు పడింది" అని చూపించాడట.

నాన్న ఇంటికొచ్చి ప్రింటు టేబుల్ మీద పెట్టి, చొక్కా విప్పుతూ అడిగారు.

"ఆ నీడ కూడా తిప్పొచ్చేట్రా?"