పగిలిన వేణువుకు అచ్చం అలాంటిదే ఇంకోటి చేయించగలమా?

మంచి వెదురు వేణువు కొలతలు తీసి, అచ్చుగుద్దినట్టు ఇంకోటి చేయించవచ్చా అని అడిగారు. శ్రుతి వరకూ చేయించవచ్చు. ఆ గొంతు మాత్రం మళ్లీ రాదు. నేను చేయించి చూశాను.

పదకొండేళ్లు వాయించిన నా 5 శ్రుతి ఫ్లూట్ ఒక మే నెలలో, విజయవాడ ఎండలో, మూసి ఉన్న కారులో పగిలింది. ముఖరంధ్రం, అంటే ఊదే రంధ్రం, పక్క నుంచి మూడో రంధ్రం దాకా బీట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. చెన్నైలో దాన్ని చేసిన పెద్దాయన దగ్గరికే పట్టుకెళ్లి, "అచ్చం ఇలాగే కావాలండీ" అన్నాను.

ఆయన వెదురు కట్టలోంచి ఏడెనిమిది బొంగులు తీసి, గోడ మందం, లోపలి వెడల్పు చూసి ఒకటి ఉంచారు. నా మాట మీద రంధ్రాలన్నీ పాతదాని కొలతలకే కాల్చారు. ఊదితే గాంధారం దిగిపోయింది, పై షడ్జమం కింది షడ్జమంతో కలవలేదు. ఎందుకంటే వెదురు లోపల పైపులా సమంగా ఉండదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు కొంచెం సన్నబడుతుంది, పూర్తి గుండ్రంగానూ ఉండదు. ఏ రెండు బొంగుల్లోనూ ఆ డొల్ల ఒకేలా ఉండదు. అప్పుడాయన కొలతలు పక్కన పెట్టేశారు. గాంధారం రంధ్రం అంచుని కాస్త గీకడం, ఊదడం, మళ్లీ గీకడం. లోపలి బిరడా వెంట్రుకవాసి జరపడం. అలా ఓ గంటకి స్వరాలన్నీ కుదిరాయి.

గొంతు మాత్రం వేరేగానే ఉంది. అప్పుడాయన పాతదాని ముఖరంధ్రంలోకి టార్చి వేసి చూపించారు. గాలి తగిలే అవతలి అంచు లోపలివైపు వాలుగా చెక్కి ఉంది, ఎడమ పక్క ఇంకొంచెం ఎక్కువ. "ఇది కొలిచి చెక్కింది కాదు బాబూ, ఊదుతూ ఊదుతూ బాగుందనిపించిన చోట ఆపేసింది" అన్నారు.

వెదురు రకంలోనే మహత్తంతా ఉందని చాలామంది నమ్ముతారు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త వెండి, రాగి, కర్రలతో లోపలి కొలతలు ఒకేలా ఉండే ఫ్లూట్లు చేసి పరీక్షిస్తే, విన్నవాళ్లూ వాయించినవాళ్లూ తేడా పట్టలేకపోయారు. అందుకే నాదం గుట్టు ఆ డొల్లలో, ఆ అంచులో ఉందని నా గట్టి అభిప్రాయం. వెదురుతో పుట్టిన ఆ డొల్లా, చేత్తో చెక్కిన ఆ అంచూ అచ్చంగా మళ్లీ రావు.

పాతదీ కొత్తదీ పోల్చేటప్పుడు ఒకే గదిలో, రెండూ కాసేపు ఊది వెచ్చబడ్డాకే పోల్చండి. పది డిగ్రీల వేడి తేడాకే శ్రుతి అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు జరుగుతుంది.

కొత్త ఫ్లూట్ నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది, కచేరీలకు అదే. పాతదానికి జిగురు పెట్టి దారం బిగించి చుట్టించాను. ఇంకా పలుకుతోంది. సహాన రాగం వాయించాలనిపిస్తే చెయ్యి దాని మీదికే పోతుంది.

మీదీ ముందు అలా కట్టించి చూడండి. కొత్తది చేయించాల్సే వస్తే, కాగితం మీద కొలతలు పంపకండి. ముక్కలైనా సరే, పాతదాన్ని గుడ్డలో చుట్టి మీరే పట్టుకెళ్లండి. చేసే ఆయన ఆ ముఖరంధ్రాన్ని కళ్లారా చూడాలి.