జీతం తర్వాత... అద్దె ఎవరి నెత్తిన ఉందో ముందు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి ఆఫీసు భవనాల నిర్వహణ చూసే పాత కంపెనీలో. రెండోది ఆఫీసు స్థలాన్ని సీట్ల లెక్కన అద్దెకిచ్చే కోవర్కింగ్ స్టార్టప్‌లో. స్టార్టప్‌లో జీతం ఎక్కువ, షేర్లు కూడా ఇస్తామంటున్నారు. తన మనసు దానిమీదే ఉంది. అందరూ ఇంటి నుంచే పనిచేస్తుంటే రేపు ఆఫీసులెవరికి కావాలని నా భయం. రెండూ వదిలేసి ఏదైనా కోడింగ్ కోర్సులో చేరమంటున్నాను. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: కోడింగ్ సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు మీ భయం గురించి.

ఆఫీసులు ఇక మూతపడినట్టేనని 2020లో చాలామంది గట్టిగా నమ్మారు. అలా జరగలేదు. ఇంటి నుంచి పనికి ఊతమిచ్చిన జూమ్ సంస్థే 2023 ఆగస్టులో తన ఉద్యోగులను, ఆఫీసుకు దగ్గర్లో ఉంటే వారానికి రెండు రోజులు రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులూ రావాల్సిందేనంది. ఎయిర్‌బీఎన్‌బీ మాత్రం ఎక్కడినుంచైనా పనిచేసుకోవచ్చని 2022లో చెప్పింది. ఈ రెండు కొసల మధ్య చాలా కంపెనీలు, కొన్ని రోజులు ఇంట్లో కొన్ని రోజులు ఆఫీసులో పనిచేసే హైబ్రిడ్ పద్ధతిలో కుదురుకుంటున్నాయి. అందుకు తగిన కారణమూ ఉంది. చైనాకు చెందిన ట్రిప్.కామ్ సంస్థలో 1,600 మందికి పైగా ఉద్యోగులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరులో, పదోన్నతుల్లో తేడా కనిపించలేదు. మనిషి మానేస్తే కొత్తవాళ్లను వెతికి, తీసుకుని, పని నేర్పడానికి ఎంతవుతుందో ఏ హెచ్‌ఆర్‌ను అడిగినా చెబుతారు. కాబట్టి హైబ్రిడ్ ఇప్పట్లో పోయేది కాదు, ఆఫీసూ పోయేది కాదు.

మారింది ఆఫీసు లెక్క. వారం మధ్యలో సీటు దొరకదు, శుక్రవారం వచ్చేసరికి అంతస్తుకు అంతస్తే ఖాళీ. అద్దె మాత్రం అన్ని రోజులకూ కట్టాలి. ఎంతమందికి ఎన్ని డెస్కులు వేయాలి, ఏ అంతస్తు వదులుకోవచ్చు, ఏసీ ఎప్పుడు తగ్గించాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడమే ఇవాళ ఒక ఉద్యోగం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ది ఎడ్జ్ భవనంలో ఈ ప్రయత్నం మహమ్మారికి ఐదేళ్ల ముందే మొదలైంది. అక్కడ డెలాయిట్ అనే ఆడిటింగ్, కన్సల్టింగ్ సంస్థ ఉద్యోగులు దాదాపు 2,500 మంది ఉంటే వేసిన డెస్కులు సుమారు 1,000. ఎవరికీ సొంత సీటు లేదు. ఎక్కడ ఖాళీ ఉందో ఫోన్లో యాప్ చూపిస్తుంది, మనుషులు లేని చోట లైట్లు వాటంతటవే తగ్గుతాయి.

ఇదంతా స్టార్టప్‌లు కనిపెట్టిన కొత్త లోకమని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటే ఒక మాట. గోడలు తీసేసి అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టే పద్ధతి 1950ల చివర్లోనే జర్మనీలో కనిపించింది. రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే డిజైనర్ హెర్మన్ మిల్లర్ ఫర్నిచర్ సంస్థ కోసం 1968లో తెచ్చిన ‘యాక్షన్ ఆఫీస్’ అనే ఆఫీసు ఫర్నిచర్ అమరిక రెండో రూపం ఉద్యోగికి స్వేచ్ఛ ఇవ్వాలని పుట్టింది. కంపెనీలు దాన్ని ఒక్కో మనిషికి అడ్డుగోడలు కట్టిన ఇరుకు క్యూబికల్‌గా మార్చేశాయి. మళ్లీ గోడలు పడగొట్టాక ఏమైందో 2018లో హార్వర్డ్ పరిశోధకులు కొలిచారు. రెండు కంపెనీల్లో ఓపెన్ ఆఫీసుకు మారినవాళ్ల మధ్య ముఖాముఖి మాటలు 70 శాతం దాకా తగ్గి, ఈమెయిళ్లు, మెసేజీలు పెరిగాయి. మనుషులను కలుపుతాం అంటూ వచ్చే ప్రజెంటేషన్లు ఇక ముందు తను చాలా చూస్తుంది. కొలిచారా అని అడగడం అలవాటు చేసుకోమనండి.

ఇక అసలు విషయం, ఆ స్టార్టప్. కోవర్కింగ్ వ్యాపారం పైకి ఎంత ఆకర్షణీయంగా కనిపించినా లోపల ఉండేవి రెండు ఒప్పందాలు. భవన యజమానితో పదేళ్లకో పదిహేనేళ్లకో లీజు. సీటు తీసుకునేవారితో నెలకో ఏడాదికో ఒప్పందం. కాలం బాగుంటే ఈ రెండింటి తేడాయే లాభం. మాంద్యం వస్తే సీట్లు తీసుకున్నవాళ్లు నెల నోటీసుతో లేచి వెళ్లిపోతారు, యజమానికి కట్టాల్సిన అద్దె మాత్రం ఇంకా పన్నెండేళ్లు మిగిలి ఉంటుంది. 2010లో న్యూయార్క్‌లో మొదలైన వీవర్క్ విలువను 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో లెక్కలు బయటపడ్డాక ఐపీఓ (షేర్లను తొలిసారి జనానికి అమ్మడం) వెనక్కి తీసుకున్నారు. 2023 నవంబరులో దివాలా పిటిషన్ వేశారు. ఎన్నో లీజులు వదిలించుకున్నాకే 2024లో కంపెనీ మళ్లీ లేచి నిలబడింది. పాత షేర్లు మాత్రం రద్దయ్యాయి.

అలాగని వ్యాపారమే చెడ్డదని తీర్పు చెప్పేయకండి. 1989లో బ్రస్సెల్స్‌లో మొదలైన రీగస్‌కూ ఇదే దెబ్బ తగిలింది. డాట్‌కామ్ బుడగ పేలాక 2003లో దాని అమెరికా విభాగం దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. ఆ తర్వాత కోలుకుంది, ఇప్పుడు ఐడబ్ల్యూజీ పేరుతో నడుస్తోంది. కొన్నేళ్లుగా అది కొత్త కేంద్రాలను ఎక్కువగా భవన యజమానులతో నిర్వహణ ఒప్పందాల మీదే తెరుస్తోంది. అంటే స్థలం, ఖర్చు యజమానివి. నడిపినందుకు కంపెనీకి ఫీజు. సీట్లు నిండకపోతే ఫీజు తగ్గుతుందేమో కానీ, కంపెనీ మునగదు.

ఇళ్ల వ్యాపారంలోనూ ఇదే కథ. ఇళ్ల ప్రకటనల వెబ్‌సైటుగా పేరు తెచ్చుకున్న జిల్లో 2018లో, సాఫ్ట్‌వేర్ అంచనా కట్టిన ధరకు తనే ఇళ్లు కొని అమ్మడం మొదలుపెట్టింది. ధరలు ఎటు పోతాయో అంచనా తప్పింది. 2021 నవంబరులో ఆ విభాగాన్ని మూసేసి, ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. పాత ప్రకటనల వ్యాపారం మాత్రం చెక్కుచెదరలేదు. ఒకే కంపెనీ, ఒకే టెక్నాలజీ. ఆస్తి బరువు తను ఎత్తుకున్న చోట కూలింది, సమాచారం మాత్రమే అమ్మిన చోట నిలిచింది. ఫ్యాక్టరీలో గోడలూ కప్పులూ తయారుచేసి కడతామన్న కటెర్రా అనే నిర్మాణ స్టార్టప్ కూడా భారీ పెట్టుబడులు తెచ్చుకుని 2021 జూన్‌లో దివాలా తీసింది.

అందుకే ఇంటర్వ్యూలో తను జీతం కన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి. మీ కేంద్రాల్లో సొంత లీజు మీద ఎన్ని, నిర్వహణ ఒప్పందం మీద ఎన్ని? లీజుల్లో సగటున ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి? కస్టమర్లలో ఏడాదికి పైగా కట్టుబడినవాళ్లు ఎంతమంది? తెరిచి ఏడాది దాటిన కేంద్రాల్లో ఎన్ని సీట్లు నిండాయి? కొత్త కేంద్రాలను కలిపి చెప్పే సగటు వద్దు. లోపలి ఇంటీరియర్ పని ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఫ్రెషర్ ఇవి అడిగితే బాగుంటుందా అని మీరు సందేహించవచ్చు. బాగుంటుంది. సమాధానం తెలిసినవాళ్లు సంతోషిస్తారు. చిరాకుపడితే, మనకు కావాల్సిన సమాధానం దొరికినట్టే.

షేర్ల గురించి క్లుప్తంగా. సున్నా అనుకుని లెక్క వేయండి. సాధారణంగా అవి, ముందే అనుకున్న ధరకు షేర్లు కొనుక్కునే హక్కుగా, నాలుగేళ్లలో విడతలుగా వస్తాయి, మొదటి ఏడాది పూర్తికాకముందే మానేస్తే ఏమీ రాదు. మానేశాక వాటిని కొనుక్కోవడానికి ఎన్ని రోజుల గడువో చూడండి. చాలాచోట్ల అది 90 రోజులే.

ఇప్పుడు కోడింగ్. మీరు చెప్పిన కోర్సు వద్దనే అంటాను. కోడు రాసేవాళ్లకు ఈ రంగంలో కొరత లేదు, భవనం అర్థమైనవాళ్లకే కొరత. చిన్న ఉదాహరణ చెబుతాను. డెస్క్ కింద సెన్సర్ మూడు గంటలుగా ఖాళీ అని చెబుతోంది. డెస్క్ మీద లాప్‌టాప్ ఉంది, మనిషి మీటింగ్ గదిలో ఉన్నాడు. ఆ డెస్క్ వాడుతున్నట్టా, లేనట్టా? డేటా మాత్రమే తెలిసినవాడు ఖాళీ అని లెక్కరాసి, ఒక అంతస్తు వదిలేయమని సలహా ఇస్తాడు. మరుసటి మంగళవారం జనం మెట్ల మీద కూర్చుంటారు. ఉద్యోగి ఎక్కడ కూర్చున్నాడో పేరుతో సహా కనిపెట్టడం వేరు, తలలు లెక్కపెట్టడం వేరు. ఈ తేడా తెలియని కంపెనీలు ఉద్యోగుల నమ్మకం పోగొట్టుకుంటున్నాయి.

ఖాళీ ఆఫీసులను ఫ్లాట్లుగా మార్చే పని చూడండి, ఇంకా బాగా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ మ్యాపులో ఖాళీగా కనిపించే ప్రతి టవరూ ఇల్లు కాలేదు. పెద్ద ఆఫీసు అంతస్తుల్లో కిటికీ గోడ నుంచి నడుమకు చాలా దూరం ఉంటుంది, మధ్యలో ఉండే గదికి కిటికీ రాదు. నీళ్ల పైపులు, డ్రైనేజీ అన్నీ భవనం నడుమ ఒక్కచోటే ఉంటాయి, ప్రతి ఫ్లాటుకూ వంటగది, స్నానాల గది ఇవ్వాలంటే స్లాబులకు ఎక్కడెక్కడ రంధ్రం వేయవచ్చో తేల్చాలి. ఇది మీ అమ్మాయి చదివిన చదువే. స్లాబు డ్రాయింగ్ చదవగలిగిన మనిషికి డేటా కూడా తెలిస్తే, అలాంటివాళ్ల కోసం కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయి.

అందుకని కోర్సు ఫీజు బదులు ఆమె సమయం వీటికి పెట్టనివ్వండి. రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో బీఐఎం మోడల్, అంటే భవనం వివరాలన్నీ ఉన్న 3డీ నమూనా, చేయడం. ఎక్సెల్‌లో ఒక లీజు డబ్బు లెక్క పదేళ్లకు వేయడం, అద్దె పెరుగుదల, ఖాళీ నెలలు కలిపి. డేటా వెతికి తీయడానికి ఎస్‌క్యూఎల్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్. సెలవుల్లో కుదిరిపోయే పని, నెలల కోర్సు అక్కర్లేదు.

పాత కంపెనీని తను చిన్నచూపు చూస్తోందని మీ ఉత్తరం చదివితే అనిపించింది. ప్రపంచంలో వాడే ఇంధనంలో దాదాపు 30 శాతం భవనాలు నడపడానికే ఖర్చవుతోంది. ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్లు, లిఫ్టులు, ఫైర్ పంపులు, వాటిని కంప్యూటర్‌తో కలిపి చూసే బీఎంఎస్ వ్యవస్థ నేర్పేది భవన నిర్వహణ కంపెనీలే. పైగా పాతా కొత్తా అన్న గీత చెరిగిపోతోంది. వాణిజ్య భవనాల సేవల్లో ప్రపంచంలోనే పెద్దదైన సీబీఆర్‌ఈ 2025 జనవరిలో ఇండస్ట్రియస్ అనే కోవర్కింగ్ కంపెనీని కొనేసింది. ఈ ఏడాది పాత కంపెనీలో చేరినా మూడేళ్ల తర్వాత తను చేసే పని స్టార్టప్ పనే కావచ్చు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి: స్టార్టప్‌లో ఇచ్చే పని ప్రాజెక్టుల విభాగంలోదై, లీజు ప్రశ్నలకు సూటిగా సమాధానం వస్తే, చేరనివ్వండి. రెండేళ్లలో ఐదారు కేంద్రాలు ఖాళీ స్లాబు నుంచి ప్రారంభం దాకా చూస్తుంది, పాత కంపెనీలో అంత వేగంగా అది దొరకదు. పని సీట్లు అమ్మడమైతే, ఎంత జీతమిచ్చినా నేను పాత కంపెనీకే ఓటేస్తాను. రెండేళ్లు సేల్స్ చేశాక ఆమె సివిల్ డిగ్రీని ఎవరూ పట్టించుకోరు.

ఇంటర్వ్యూలో నోటిమాటగా చెప్పిన విభాగం ఆఫర్ లెటర్‌లోనూ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రాసిమ్మని మెయిల్ పెట్టమనండి. బాండ్ ఉందా, నోటీసు పీరియడ్ ఎన్నాళ్లు అన్నదీ అదే మెయిల్‌లో అడగొచ్చు. జవాబు వచ్చేదాకా పాత కంపెనీకి కాదని చెప్పకుండా ఆపమనండి.