తాతగారి జావా బాబాయ్ షెడ్డులో ఉండిపోయింది

ప్రశ్న: మా తాతగారు చెన్నై దగ్గర షోలవరం రేసుల్లో నడిపిన మైసూరు జావా 250 మోటార్‌సైకిల్ ఉంది, 1966 రిజిస్ట్రేషన్. 2019లో తాళం, ఆర్‌సీ బుక్కుతో సహా నా చేతికిచ్చారు. ఇంట్లో చోటు లేక గూడూరులో బాబాయ్ షెడ్డులో పెట్టాను. 2021లో తాతగారు పోయారు. 2024 జనవరి 16, కనుమ నాడు బండి అడిగితే ‘అది ఇంటి ఆస్తి, ఇవ్వను’ అని బాబాయ్ వాట్సాప్‌లో రాశారు. చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చుని తిరిగిన బండి, ప్రాణం ఒప్పడం లేదు. తాతగారి సంతకం పెట్టి పాత తేదీతో ఫారాలు ఇస్తే పేరు మారుతుందని ఏజెంటు అంటున్నాడు. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ట్యాంకు మీద ఎవరు కూర్చున్నారో కోర్టుకు అక్కర్లేదు. 2019లో బండి నిజంగా మీ స్వాధీనంలోకి వచ్చిందా? కేసంతా అదే. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని కాగితం లేకుండానే దానం ఇవ్వవచ్చు, వస్తువు అప్పగిస్తే చాలు. ‘నా తర్వాత వాడిదే’ అని తాతగారు నలుగురిలో అని ఉన్నా, ఆ మాట మాత్రం దానం కాదు, వీలునామా అసలే కాదు. అప్పగింత రుజువు కాకపోతే బండి తాతగారి వారసులందరిదీ. మీ నాన్నగారు ఉండగా మీరు ఆ వారసుల్లో లేరు. అప్పుడు దావా వేయాల్సింది ఆయన, అదీ వాటాకు.

తాళం, ఒరిజినల్ ఆర్‌సీ మీ దగ్గరే ఉన్నాయా? గూడూరుకు తోలిన ట్రాలీ రసీదు, ఎక్కించిన మనిషి, ‘నీ బండి షెడ్డులో ఉంది’ అంటూ బాబాయ్ గతంలో పెట్టిన మెసేజ్ – వీటిలో ఏది దొరికినా బంగారమే. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఆ మెసేజ్‌లను భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేసే ధ్రువీకరణ) దాఖలు చేయాలి.

దాచమని ఇచ్చిన వస్తువుకు లిమిటేషన్ చట్టం (దావా గడువుల చట్టం) ఆర్టికల్ 70 వర్తిస్తుంది: దావా వేయడానికి, అడిగాక ‘ఇవ్వను’ అన్న రోజు నుంచి మూడేళ్లు. అంటే 2027 జనవరి 16. మళ్లీ నోటీసు పంపి, మళ్లీ కాదనిపించుకుంటే గడువు కొత్తగా మొదలవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక ఏజెంటు మాట. తాతగారు బతికున్న రెండేళ్లలో బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద రెండు సంతకాలు పెట్టించుకోవడానికి మీకు తీరిక లేకపోయింది. ఇప్పుడు చనిపోయిన మనిషి చేత సంతకం పెట్టిస్తారా? అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336(3) కింద ఏడేళ్ల దాకా జైలు. బాబాయ్ ఒక్క ఫిర్యాదు ఇస్తే మీ నిజమైన దానం కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

మరణానంతర బదిలీకి ఉన్నది ఫారం 31. దానికి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతరం జతచేయాలి. బాబాయ్ సంతకం పెట్టరు కాబట్టి కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) తెచ్చుకోవాలి. హక్కు ప్రకటనకు, బండి స్వాధీనానికి కలిపి దావా వేయండి. మార్కెట్ విలువ మీద కోర్టు ఫీజు. దాంతోపాటే అమ్మకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), బండిని చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనర్ నియామకం కోరండి. షెడ్డులోని పాత జావా ఒకేసారి మాయం కాదు. ముందు కార్బురేటర్, తర్వాత ట్యాంకు, చివరికి ఇంజనే మారిపోతుంది. కమిషనర్ చేత ఇంజన్, ఛాసిస్ (ఫ్రేమ్) నంబర్లు పెన్సిల్ ప్రింట్ (కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) తీయించి, భాగాల జాబితా రాయించండి. ‘డబ్బిస్తాను పో’ అని బాబాయ్ అంటే, నష్టపరిహారంతో తీరని వస్తువును వస్తువుగానే అడిగే హక్కు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ ఇస్తుంది.

బండి చేతికొచ్చాక శాండ్ బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్‌కు పరుగెత్తకండి, ఛాసిస్ మీద కొట్టిన పంచ్ నంబర్ అరిగిపోతుంది. 2021 నాటి వింటేజ్ నిబంధనల కింద 50 ఏళ్లు నిండిన బండికి పదేళ్ల రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. రేసు కోసం ఫ్రేమ్ కోసి ఉంటే అక్కడ చిక్కే. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్నా రోజూ ఆఫీసుకు నడపడం కుదరదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే. ఇన్సూరెన్స్ లేకుండా వీధి చివరిదాకా కూడా తీయకండి.