ఇల్లు అమ్ముతున్నారు, ఖాళీ చేయమంటున్నారు: సంతకానికి ముందు మిగిలిన గడువుకు ఖరీదు కట్టండి

ప్రశ్న: మేము నలుగురం నాలుగేళ్లుగా ఒకే అద్దె ఇంట్లో ఉంటున్నాము. కిందటిసారి రెండేళ్లకు రాసుకున్న ఒప్పందంలో ఇంకా 14 నెలల గడువు ఉంది. ఇంటిని అమ్మకానికి పెట్టామని, రెండు నెలల్లో ఖాళీ చేస్తే ఒక నెల అద్దె ఇస్తామని యజమాని అంటున్నారు. లేదంటే మమ్మల్నే కొనుక్కోమని, మాకైతే ధర కొంత తగ్గిస్తామని కూడా అన్నారు. మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఆయన దగ్గరే ఉంది. మా దగ్గర ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు, అది కాక పదవీ విరమణ కోసం దాచుకుంటున్న సొమ్ము ఉన్నాయి. మేము ఖాళీ చేసి తీరాలా? ఇస్తామన్న సొమ్ము తీసుకోవడం మంచిదా? పదవీ విరమణ నిధిని కదిలించి అయినా ఆ ఇల్లు కొనుక్కోవచ్చా?

జవాబు: తన ఇంటిని అమ్ముకునే హక్కు యజమానికి ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఎవరైనా తమ దగ్గర ఉన్నదానినే అమ్మగలరు. రానున్న 14 నెలలు ఆ ఇంట్లో కాపురం ఉండే హక్కును ఆయన ఇదివరకే ఒప్పందం రాసి మీకు ఇచ్చారు కనుక, ఆ ఒప్పందం చట్టం ముందు నిలబడేదైతే, కొనేవారు ఆ ఇంటిని మీతో సహా కొనుక్కోవలసిందే. కాబట్టి ఆయన మీకు ఇవ్వజూపుతున్న ఒక నెల అద్దెను సాయంగా అనుకోకండి. అది మీ చేతిలో ఉన్న గడువును కొనడానికి ఆయన చెబుతున్న మొదటి బేరం. ఆ గడువు ఖరీదు ఎంతో లెక్క చూసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం చేయవద్దని నా సలహా.

అయితే ఆ గడువు నిజంగా మీ చేతిలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. మీరు ఏ దేశంలో ఉంటున్నారో ఉత్తరంలో రాయలేదు, జవాబు మాత్రం దేశాన్ని బట్టి గణనీయంగా మారుతుంది. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం పాత యజమాని హక్కులన్నీ కొన్నవారికి సంక్రమిస్తాయి, అద్దెకున్నవారు కోరితే ఆయన బాధ్యతలు కూడా కొన్నవారి మీదికి వస్తాయి. ఒక మనిషి ఇంట్లో నివసిస్తూ కనిపిస్తున్నప్పుడు, ఆ మనిషికి ఉన్న హక్కు సంగతి నాకు తెలియదని కొన్నవారు చెప్పడానికి కూడా అదే చట్టంలోని 3వ సెక్షన్ అవకాశం ఇవ్వదు. ఇంతవరకు మీకు అనుకూలమే. చిక్కు 107వ సెక్షన్‌తో వస్తుంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టర్ అయి ఉండాలి. మీ రెండేళ్ల ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకున్నట్లయితే, అందులో రాసిన గడువును ఆధారం చేసుకుని కోర్టులో నిలబడడం కష్టం. చట్టం దృష్టిలో మీది నెలవారీ అద్దె మాత్రమే అవుతుంది. నెలవారీ అద్దెను ముగించడానికి, అద్దె నియంత్రణ చట్టం వర్తించని ఇళ్లలో, 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. అంటే ఒకే రకమైన రెండు ఇళ్లలో, ఒకే రకమైన మాటలతో రాసుకున్న రెండు ఒప్పందాల్లో, ఒకదానికి 14 నెలల విలువ ఉంటే మరొకదానికి 15 రోజుల విలువే ఉండవచ్చు. ఏడాదికి మించిన కాలానికి రాసుకుంటూ రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిలిందనుకునేవారు ఆ మిగులును ఎక్కడ పోగొట్టుకుంటారో ఇలాంటి రోజునే బయటపడుతుంది.

జర్మనీలో అద్దెకున్నవారికి రక్షణ ఇంతకంటే బలంగా ఉంటుంది. కొనుగోలు వల్ల అద్దె తెగిపోదన్న సూత్రాన్ని అక్కడి పౌర స్మృతి 566వ సెక్షన్‌లోనే పొందుపరిచారు. ఫ్రాన్స్‌లో 1989 జూలై 6 నాటి చట్టం ప్రకారం, సామాన్లు లేకుండా అద్దెకిచ్చిన ఇంటిని ఖాళీ చేయించి అమ్మదలచిన యజమాని ఒప్పంద గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసే అద్దెకున్నవారికి ఇల్లు అమ్ముతామన్న ప్రతిపాదనగా రెండు నెలలపాటు నిలుస్తుంది. ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి అమల్లోకి వచ్చే కొత్త చట్టం నిర్ణీత గడువు ఒప్పందాలనే తీసివేసింది. అక్కడ అమ్మకాన్ని కారణంగా చూపి ఖాళీ చేయమనాలంటే నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి, పైగా అద్దె మొదలైన మొదటి ఏడాదిలో ఆ కారణాన్ని వాడుకోవడానికి వీల్లేదు. మీరు అక్కడ ఉన్నట్లయితే మీ చేతిలో ఉన్నది 14 నెలలు కాదు, నాలుగు నెలలే. ఈ నాలుగు దేశాల్లో ఎక్కడా కోర్టు ఉత్తర్వు లేకుండా తాళాలు మార్చి గానీ, నీళ్లు, కరెంటు ఆపి గానీ మిమ్మల్ని బయటికి పంపే అధికారం యజమానికి లేదు.

చట్టం తరువాత చూడవలసింది మీ ఒప్పందంలోని మాటలే. ఇల్లు అమ్ముడుపోతే ఫలానా వ్యవధితో ఒప్పందాన్ని రద్దు చేయవచ్చన్న షరతు గానీ, కారణం చెప్పకుండానే ఇరువురిలో ఎవరైనా నెల నోటీసుతో తప్పుకోవచ్చన్న షరతు గానీ అందులో ఉంటే, రెండేళ్లని పైన ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, మీకు గట్టిగా దక్కేది ఆ నోటీసు కాలమే. అలాంటప్పుడు యజమాని ఇస్తామన్న రెండు నెలల వ్యవధి, ఒక నెల అద్దె మీకు రావలసిన దానికంటే ఎక్కువే అవుతాయి, వాటిని మర్యాదగా అందుకోవడం మేలు. మీ ప్రాంతంలోని న్యాయవాదికి ఒకసారి రుసుము చెల్లించి ఒప్పందాన్ని చదివించుకోండి. ఈ వ్యవహారంలో మీరు పెట్టే ఖర్చుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే. నేను ఆర్థిక సలహాదారును మాత్రమే కనుక గడువు నిలుస్తుందని తేలిన తరువాతి లెక్క నా పని.

ఈ లెక్కను నెల అద్దె కొలమానంగా వేద్దాం. రెండు నెలల్లో ఖాళీ చేస్తే మీరు వదులుకునేది 12 నెలల గడువు. అదే స్థాయి ఇంటికి ఇప్పటి అద్దె మీరు కడుతున్న దానికంటే 15 శాతం ఎక్కువగా ఉందనుకుంటే, 12 నెలలకు ఆ తేడా ఒక్కటే 1.8 నెలల అద్దె అవుతుంది. ఇల్లు చూపించిన బ్రోకర్‌కు ఒక నెల, సామాను తరలింపుకు, చిల్లర మరమ్మతులకు అర నెల, రెండు ఇళ్లకూ కలిపి అద్దె కట్టవలసి వచ్చే పక్షం రోజులకు మరో అర నెల వేసుకుంటే మొత్తం 3.8 నెలల అద్దె. ఇవి నేను అనుకుని వేసిన అంకెలు కాబట్టి నాలుగైదు ఇళ్లను స్వయంగా చూసి, అడిగి, మీ అంకెలు మీరు వేసుకోండి. అయినా ఒక నెల అద్దె తీసుకుని కదిలితే దాదాపు మూడు నెలల అద్దె మీ జేబులోంచి పోతుందని ఈ లెక్క చెబుతోంది. పిల్లల బడి మధ్యలో మారడం, ఆఫీసు దూరం కావడం వంటివి ఇందులో చేర్చలేదు. నాలుగు నెలల అద్దె కంటే తక్కువకు ఒప్పుకుంటే నష్టానికే ఒప్పుకున్నట్లని ఈ అంకెల ప్రకారం చెప్పవచ్చు.

లెక్క తిరగబడే సందర్భం కూడా ఉంది. నాలుగేళ్లలో అద్దె పెంచుతూ పోయి మీరు ఇప్పుడు చుట్టుపక్కల కంటే ఎక్కువే కడుతున్నారని తేలితే, ఉదాహరణకు కొత్త ఇల్లు పది శాతం తక్కువకే దొరికేటట్లుంటే, 12 నెలల్లో 1.2 నెలల అద్దె మిగులుతుంది. తరలింపు ఖర్చుల్లోంచి అది పోగా మీకు పడే భారం 0.8 నెల. అప్పుడు యజమాని చెప్పిన ఒక నెల న్యాయమైన బేరమే.

ఎంత అడగవచ్చన్నది మీ ఖర్చును బట్టి మాత్రమే తేలదు, ఖాళీ ఇంటి వల్ల యజమానికి ఎంత లాభమన్నది కూడా చూడాలి. తాము ఉండడానికి కొనుక్కునేవారు గడువు మిగిలిన అద్దెవారున్న ఇంటి జోలికి సాధారణంగా రారు, వచ్చినా ధర తగ్గించి అడుగుతారు. అద్దె రాబడి కోసం కొనేవారికి మాత్రం వేళకు అద్దె కట్టే కుటుంబం ఇంట్లో ఉండడం సదుపాయమే. ఇల్లు చూడడానికి ఎవరెవరు వస్తున్నారో, ఏమేం అడుగుతున్నారో నాలుగు రోజులు గమనిస్తే మీ బలం మీకు తెలిసిపోతుంది. గదుల్లో మంచాలు ఎక్కడ వేసుకోవాలో కొలుచుకుంటున్నారంటే ఖాళీ చేయించడం యజమానికి అత్యవసరమని అర్థం. నెలకు ఎంత కడుతున్నారని మిమ్మల్నే అడుగుతున్నారంటే మీరు కదలవలసిన అవసరమే రాకపోవచ్చు. ఈ కారణం చేతనే బేరానికి తొందరపడవద్దంటున్నాను. ఇల్లు చూపించడానికి మాత్రం అడ్డుపడకండి. వారంలో ఫలానా రెండు రోజులు, ఫలానా వేళల్లో, ఒక రోజు ముందు చెప్పి రావాలని రాతపూర్వకంగా అనుకుంటే ఇరువైపులా మర్యాద దక్కుతుంది.

అడ్వాన్సు విషయంలో నాకు ఎక్కువ ఆందోళన ఉంది, ఎందుకంటే ఇలాంటి అమ్మకాల్లో అద్దెకున్నవారు నిజంగా డబ్బు పోగొట్టుకునే చోటు అదే. పాత యజమాని కొత్తవారిని అడగమంటారు, కొత్తవారు నేను ఆ సొమ్ము ముట్టుకోలేదంటారు. జర్మనీలో ఈ బాధ్యత కొన్నవారిదేనని, వారి నుంచి రాకపోతే పాత యజమానే చెల్లించాలని చట్టం తేల్చి చెప్పింది. అంత స్పష్టత లేని చోట మీరే కాగితం పుట్టించుకోవాలి. మీరు ఇంట్లో కొనసాగేటట్లయితే, మూడు నెలల అద్దె అడ్వాన్సు అమ్మకపు లెక్కలో కొన్నవారికి బదిలీ అయిందని, గడువు ముగిశాక తిరిగి ఇచ్చే బాధ్యత వారిదేనని, ముగ్గురి సంతకాలతో ఒక పేజీ రాయించుకోండి. ఖాళీ చేసేటట్లయితే, తాళాలు అప్పగించే రోజునే అడ్వాన్సు, పరిహారం రెండూ మీ ఖాతాలో పడాలి. ఇల్లు అమ్ముడయ్యాక ఇస్తామన్న మాటకు ఒప్పుకోవద్దు.

చివరి మూడు నెలలు అద్దె కట్టకుండా అడ్వాన్సులో తీర్చుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. యజమాని రాసి ఇచ్చి ఒప్పుకుంటే అంతకంటే భద్రమైన పద్ధతి లేదు. ఒప్పుకోకుండా మీ అంతట మీరే అద్దె ఆపితే, ఇన్నాళ్లూ లేని కారణం ఒకటి, అద్దె బాకీ, మీరే ఆయన చేతికి అందించినవారవుతారు. అదేవిధంగా, నేనే కొత్త యజమానిని, ఇకపై అద్దె నా ఖాతాకు పంపండని ఎవరైనా ఫోన్ చేస్తే, పాత యజమాని నుంచి రాతపూర్వకమైన సమాచారం, అమ్మకపు పత్రం నకలు అందేవరకు ఖాతా మార్చకండి. భారతదేశంలోనైతే బదిలీ సంగతి తెలియక పాత యజమానికి కట్టిన అద్దెను మళ్లీ కట్టనక్కరలేదని అదే 109వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. తప్పుడు ఖాతాలోకి వెళ్లిన సొమ్ముకు అలాంటి రక్షణ ఏదీ లేదు.

మీ పొదుపు దగ్గరికి వద్దాం. పాత అడ్వాన్సు చేతికి రాకముందే కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టవలసి రావడం సహజం. పైన అనుకున్న 15 శాతం పెరుగుదలతో చూస్తే కొత్త అడ్వాన్సు, మొదటి నెల అద్దె, బ్రోకర్, తరలింపు కలిపి ఇప్పటి అద్దెకు ఆరు రెట్లు దాటుతుంది. మీ నెల ఖర్చులో అద్దె నాలుగో వంతైతే, ఇది నెలన్నర ఇంటి ఖర్చుతో సమానం. ఆరు నెలల పొదుపు దీన్ని తట్టుకుంటుంది కాబట్టి అప్పు చేయవలసిన పని లేదు, తీసిన మొత్తాన్ని అడ్వాన్సు వెనక్కి రాగానే మళ్లీ నింపాలి. పరిహారంగా వచ్చిన సొమ్ము మీద పన్ను పడుతుందా అన్నది మీ ఆడిటర్‌ను అడగండి.

ఇల్లు కొనడం గురించి నా అభిప్రాయం క్లుప్తంగా చెబుతాను. మీరు ఆ ఇంట్లో ఉండకుండా, బయటినుంచి చూడడానికి వచ్చినవారై ఉంటే, ఆ ధరకు ఆ ఇంటినే ఎంచుకునేవారా? అవునని మీరు తడుముకోకుండా చెప్పగలిగితే ముందుకు వెళ్లవచ్చు. తగ్గిస్తామన్న మొత్తం నిజమైన తగ్గింపో కాదో తెలియాలంటే స్వతంత్రంగా విలువ కట్టించాలి, ఎందుకంటే మీకు అమ్మితే యజమానికి బ్రోకర్ ఖర్చు, ఇల్లు ఖాళీగా ఉండే కాలం, మీకు ఇవ్వవలసిన పరిహారం అన్నీ మిగులుతాయి. ఆ మిగులులో మీ వాటా రాకపోతే అది తగ్గింపు కాదు. నాలుగేళ్లు కాపురం ఉన్నామన్న నమ్మకంతో దస్తావేజుల పరిశీలన మానకండి, ఇంటి మీద ఉన్న అప్పు సంగతి గోడలు చెప్పవు. పదవీ విరమణ నిధిని తీయడానికి మాత్రం నేను ఒప్పుకోను. మొదటి విడత సొమ్ము ఆ నిధిని తాకకుండా, ఆరు నెలల పొదుపులో కనీసం సగం మిగిలేటట్లు సమకూరకపోతే, ఈ ఇల్లు ఇప్పటికి మీ స్థోమతకు మించినదే. రెండు నెలల్లో తేల్చమని యజమాని పెట్టిన గడువు ఆయన అవసరం కోసం పెట్టుకున్నది, ఇరవై ఏళ్ల అప్పుకు అది కారణం కాకూడదు.

ఇల్లు అమ్మడం వెనుక బ్యాంకు ఒత్తిడి ఏమైనా ఉందేమో కూడా కనుక్కోండి. యజమాని ఇష్టపడి అమ్మినప్పుడు మీకుండే రక్షణ, అప్పు తీర్చక బ్యాంకు వేలం వేసినప్పుడు అదే రూపంలో ఉండకపోవచ్చు. మీ ఒప్పందం ఆయన ఇంటిని తాకట్టు పెట్టడానికి ముందుదా, తరువాతదా అన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. అలాంటి జాడ కనిపిస్తే బేరంలో పట్టుబట్టడం తగ్గించి, వచ్చిన పరిహారం పుచ్చుకుని త్వరగా కదలడమే మంచిది.

ఈ వారం మీరు చేయవలసినది ఒక ఉత్తరం రాయడం. అమ్మకం సంగతి తెలిసిందని, ఒప్పందం ప్రకారం ఫలానా తేదీ వరకు ఉండే హక్కు మాకుందని, ఇల్లు చూపించడానికి ఈ రోజులు, ఈ వేళలు అనుకూలమని, ముందుగా ఖాళీ చేసే ప్రతిపాదన ఏదైనా ఉంటే అడ్వాన్సు చెల్లింపు తేదీతో సహా రాతపూర్వకంగా పంపమని అందులో ఉంటే చాలు. పరిహారం ఎంత కావాలో మాత్రం మీరు ముందుగా రాయకండి. న్యాయవాది ఒప్పందం చదివి, ఇల్లు చూడడానికి నలుగురైదుగురు వచ్చి వెళ్లాక ఆ అంకె మాట్లాడవచ్చు.