అక్వేరియంలో ఉద్యోగమంటే చేపలకు మేత వేయడమేనా? ఏం చదవాలి?

మేత వేయడం కాసేపటి పని, మిగతాదంతా నీళ్ల పనే. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా అనే విషాన్ని నీళ్లలోకే వదులుతాయి, మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత హాని తక్కువున్న నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఇది కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి, తొందరపడి చేపలన్నీ ఒకేసారి వదిలితే నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అవి చచ్చిపోతాయి. ఈ టెన్షన్ వల్లే రోజూ టెస్టులు: అమ్మోనియా, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత), ఉష్ణోగ్రత. సముద్రపు చేపలకైతే ఉప్పు కూడా, లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉండాలి.

కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచాలి. అద్దాలు తోమాలి, బకెట్లు మోయాలి, పెద్ద ట్యాంకులైతే స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటిలో దిగడం) రావాలి. నడుం నొప్పి గ్యారంటీ!

నా లెక్కలో అసలు నైపుణ్యం మేత వేసేటప్పుడే తెలుస్తుంది: ఎవరు తిన్నారో కాదు, ఎవరు రాలేదో చూడాలి. జబ్బు చాలాసార్లు ముందు ఆకలి మీదే కనిపిస్తుంది.

చదువంటే, బైపీసీ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (చేపల పెంపకం, మత్స్యశాస్త్రం డిగ్రీ) మంచి దారి, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది. మన దగ్గర పెద్ద అక్వేరియంలు తక్కువ, అందుకే ఇదే విద్యతో చాలామంది రొయ్యల హేచరీల్లో (రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాల్లో) చేరతారు.