వెన్ను మీద చెయ్యి వేయించే ముందు

చిరంజీవి అమ్ములుకు,

పిన్ని ఆశీస్సులు. మైలోమాకు, అంటే ఎముక మజ్జలో పుట్టే ఆ రక్త క్యాన్సర్‌కు, మందులు మొదలైనప్పటి నుంచి నాన్న నడుము నొప్పితో సతమతమవుతున్నారనీ, వెన్నునూ కీళ్లనూ చేత్తో నొక్కి సర్దే కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని ఎవరో చెప్పారనీ రాశావు. వద్దని ఒక్క మాటలో కొట్టిపారేయను. క్యాన్సర్ వార్డులో ఇన్నేళ్లు నర్సుగా పనిచేసిన దాన్ని కాబట్టి, ముందు ఏం చూసుకోవాలో మాత్రం చెబుతాను.

మొదట ఆ నొప్పి ఎక్కడిదో తేలాలి. మైలోమా ఎముకను లోపలి నుంచి తొలిచేస్తుంది. వెన్నుపూసలు ఎంత పెళుసవుతాయంటే, గట్టిగా దగ్గినా కుంగిపోవచ్చు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు వాటిని ఇంకా బలహీనపరుస్తాయి. అలాంటి వెన్నును ఒక్క ఊపున తిప్పి, టక్కుమని శబ్దం వచ్చేలా సర్దడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. మెడ జోలికి అసలే వెళ్లనివ్వకు. ఈ మధ్య తీసిన ఎంఆర్ఐనో సీటీనో చూసి బావగారి క్యాన్సర్ డాక్టరు సరేనంటేనే అడుగు వెయ్యి. ఆయన వద్దంటే ఇక వాదించకు.

తర్వాత ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. మందుల ప్రభావంతో అవి పడిపోతాయి. 50,000 కంటే తగ్గాయంటే గట్టిగా నొక్కే పని ఏదైనా ఆపాల్సిందే. బొటనవేలు ఆనిన చోటల్లా మర్నాటికి నల్లగా కమిలిన వీపులను నేను తుడిచాను. అందుకే పోయిన నెల రిపోర్టు పనికిరాదు, తాజాది చేతిలో ఉండాలి.

డాక్టరు ఒప్పుకుంటే ఏం చేయించవచ్చంటావా? బిగుసుకున్న కండరాలను మెత్తగా సడలించడం, కూర్చునే తీరు సరిచేయడం. అది ఫిజియోథెరపిస్టు అయినా చేస్తారు, నన్నడిగితే వాళ్లే మేలు. మంచం మీది నుంచి లేచే పద్ధతి కూడా నేర్పించమను: మోకాళ్లు ముడిచి, భుజమూ తుంటీ కలిపి ఒకేసారి పక్కకు తిరగాలి, కాళ్లు కిందికి జార్చి మోచేత్తో ఒత్తి లేవాలి. నడుము మెలిపడదు. సగం బాధ ఇక్కడే తగ్గుతుంది.

రక్తం శుద్ధి చేస్తామనో క్యాన్సర్ తగ్గిస్తామనో ఎవరైనా అంటే చెప్పులేసుకుని వచ్చెయ్యి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేయకు, ఈ జబ్బులో మూత్రపిండాలకు అవి చేటు. పారాసిటమాల్ అయినా జ్వరం చూశాకే ఇవ్వు, 100.4 డిగ్రీలు దాటితే వెంటనే ఆసుపత్రికి ఫోను చెయ్యాలి.

కాళ్లు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా తెల్లారే దాకా చూడకండి. వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. అర్ధరాత్రయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, నాకు తర్వాత చెప్పవచ్చు.

మీ పిన్ని