పరిధి దాటిన పెంగ్విన్ల వ్యాసాన్ని బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మామూలుగా ఉండే ప్రాంతాలకు దూరంగా కనిపించిన పెంగ్విన్ల గురించి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఉన్న వ్యాసం పేలవంగా ఉందనీ, దాన్ని మెరుగుపరచడానికి ఇంకా ఏయే సంఘటనలు చేర్చాలనీ అడిగారు. చేర్చడం తర్వాత చూద్దాం. ఇలాంటి వ్యాసం మీద చాలాకాలం పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, దానికి సంఘటనల కొరత ఎప్పుడూ లేదు. ఏ పక్షి అక్కడికి ఎలా చేరిందో చెప్పకపోవడమే అసలు లోపం.

తనంతట తాను ఈదుకుంటూ వచ్చింది ఒకటి. మనుషులు ఓడలో తెచ్చి వదిలింది ఒకటి. జూ గోడ దూకి పారిపోయింది ఇంకొకటి. వీటన్నిటినీ తేదీల వరసలో ఒకే పట్టికలో పేర్చేస్తారు. నార్వే సంగతే చూడండి. 1936లో రాజ పెంగ్విన్లను దక్షిణార్ధగోళం నుంచి తీసుకెళ్లి లోఫోటెన్ దీవుల్లోనూ, ఉత్తరాన ఫిన్మార్క్‌లోనూ కావాలనే వదిలారు. 1938లో మరో రెండు జాతులను తెచ్చారు. అవేవీ అక్కడ నిలదొక్కుకోలేదు. 1949 తర్వాత నిర్ధారణగా ఎవరికీ కనిపించలేదు. ఇది మనుషులు చేసిన ప్రయోగం. దీన్ని 'దారి తప్పిన పెంగ్విన్లు' అనే శీర్షిక కింద పెడితే ఆ పక్షులకు అన్యాయం చేసినట్టే. అవి దారి తప్పలేదు, వాటిని తెచ్చి పడేశారు.

ఈ విషయంలో నాకు బాగా గుర్తుండిపోయిన గొడవ అలాస్కా పెంగ్విన్‌ది. 2002లో అలాస్కా ఆగ్నేయ తీరంలో, నోయ్స్ దీవి దగ్గర, ఒక జాలరి వలలో హంబోల్ట్ పెంగ్విన్ పడింది. అతను ఫొటో తీసి మళ్లీ నీళ్లలో వదిలేశాడు. ఇంతవరకూ నిజం. వ్యాసంలో మాత్రం 'పెరూ నుంచి అలాస్కా దాకా ఈదిన సాహస పెంగ్విన్' అని ఉంది. మూలంగా ఒక వార్త శీర్షికను ఇచ్చారు. నేను ఆ వాక్యం తీసేసి, 2007లో ఒక పక్షిశాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసాన్ని చూపించాను. ఉత్తరార్ధగోళంలో కనిపించిన హంబోల్ట్ పెంగ్విన్ల గురించి వాన్ బ్యూరెన్, బోర్స్మా రాసినది అది. అవి చేపల పడవల మీద వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం అని వాళ్లు తేల్చారు. గంట తిరక్కుండా నా మార్పును రద్దు చేసేశారు. 'ఆసక్తికరమైన సమాచారాన్ని అకారణంగా తొలగించారు' అని, మార్పుకు కారణం చెప్పే సారాంశంలో రాశారు.

వ్యాసంలోని మార్పుల గురించి వాదించుకునే చర్చా పేజీలో కూర్చుని ఓపిగ్గా వివరించాను. హంబోల్ట్ పెంగ్విన్ పెరూ, చిలీ తీరాల వెంట పారే చల్లటి ప్రవాహం మీద ఆధారపడి బతికే పక్షి. అక్కడి చల్లటి నీళ్లలో చేపలు దండిగా ఉంటాయి. ఉత్తరానికి పోవాలంటే భూమధ్యరేఖ దగ్గరి వెచ్చటి సముద్రాన్ని వేల కిలోమీటర్లు దాటాలి. పైగా దానికి ఏటా ఈకలు రాలే కాలం ఒకటి వస్తుంది, అప్పుడు నేల మీద ఉండాల్సిందే. వలలో పడిన పెంగ్విన్‌ని ముచ్చటపడి పడవ మీద ఉంచుకుని ఆ తర్వాత ఎక్కడో వదిలేయడం అంతకంటే ఎంతో సులభమైన వివరణ. ఇదంతా రాస్తే వచ్చిన జవాబు ఇది: 'పక్షి ఆరోగ్యంగానే ఉందిగా, అంటే ఈదుకుంటూనే వచ్చింది.'

అప్పుడే నాకు టోక్యో పెంగ్విన్ గుర్తొచ్చింది. 2012 మార్చిలో అక్కడి సీ లైఫ్ పార్కు నుంచి ఒక హంబోల్ట్ పెంగ్విన్ తప్పించుకుని, మే నెలలో పట్టుబడేదాకా టోక్యో అఖాతంలో సొంతంగా చేపలు పట్టుకుని బతికింది. దొరికినప్పుడు బాగానే ఉంది. మనిషి చేతిలోంచి జారిన పెంగ్విన్ కొత్త సముద్రంలో నెలల తరబడి బతకగలదని ఇంతకంటే ఏం రుజువు కావాలి? ఒడ్డున ఆరోగ్యంగా కనిపించింది కాబట్టి ఈదుకుంటూ వచ్చిందనే వాదన అక్కడితో కూలిపోయింది. చివరికి ఆ 'సాహస' వాక్యం పోయి, పరిశోధకుల నిర్ధారణ వ్యాసంలోకి వచ్చింది.

ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడుగుతారు. తప్పు ఒకసారి అచ్చయితే ఎంతకాలం ఉంటుందో వాళ్లకు తెలియదు. ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త సొనరా 1776లో వేసిన పుస్తకంలో, న్యూగినీలో పెంగ్విన్లు చూశానని రాశాడు. అక్కడ పెంగ్విన్లు లేనే లేవు. అయినా దాన్ని నమ్మి 1781లో జెంటూ పెంగ్విన్‌కి 'పాపువా' (న్యూగినీకి ఇంకో పేరు) అన్న శాస్త్రీయ నామం పెట్టారు. ఈనాటికీ అదే పేరు.

ఫొటోల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆస్ట్రేలియా ఒడ్డున కనిపించిన ఎంపరర్ పెంగ్విన్ గురించి రాసి, పక్కన అంటార్కిటికా మంచు మీది గుంపు ఫొటో పెడతారు. అందంగా ఉందని వదిలేయకండి, ఆ ఫొటోకీ ఆ సంఘటనకీ సంబంధమే లేదు. ఈమధ్య కొందరు యంత్రం రాసిచ్చిన పేరాలను అలాగే తెచ్చి అతికిస్తున్నారు. వాటి కింద ఇచ్చిన మూలాలు తెరిచి చూస్తే సగం అసలు లేనే లేవు. ప్రతి మూలాన్నీ తెరిచి చదవండి. ఈ పనిలో అడ్డదారి లేదు.

పరిధి లోపలే ఉన్నవాటిని బయటివిగా చేర్చడం ఇంకో పెద్ద తప్పు. గాలపాగోస్ పెంగ్విన్లలో కొన్ని ఇసబెలా దీవి ఉత్తర కొసన, భూమధ్యరేఖకు కాస్త ఎగువన బతుకుతాయి. ఉత్తరార్ధగోళంలో పెంగ్విన్ కనిపించడమే వింత అని రాసేవాళ్లు ఇది మర్చిపోతారు. మాజెల్లానిక్ పెంగ్విన్లు చలికాలంలో బ్రెజిల్ తీరం వెంట ఉత్తరానికి రావడం ఏటా జరిగేదే. 2008లో అవి బహియా దాకా వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి, ఆ సంవత్సరం గురించి తప్పకుండా రాయాలి. మామూలు ఏడాది వలసను మాత్రం ఈ వ్యాసంలోకి లాగకూడదు.

వ్యాసంలో లేనిదీ, తప్పక ఉండాల్సిందీ ఒకటుంది. కొత్త తీరంలో ఒంటరిగా నిలబడి ఉన్న పెంగ్విన్ చాలాసార్లు ఈకలు మార్చుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో దాని ఒంటికి నీళ్లు ఆపే శక్తి ఉండదు, అందుకే గట్టు మీద ఉపవాసం ఉంటుంది. చూసినవాళ్లు జాలిపడి సముద్రంలోకి తోస్తే చలికి చచ్చిపోవచ్చు. ఒడ్డున పెంగ్విన్ కనిపించగానే మనిషి ఫోన్ తీసి వెతికేది ఇలాంటి వ్యాసాన్నే. దూరంగా ఉండండి, కుక్కలను దగ్గరికి రానివ్వకండి, స్థానిక వన్యప్రాణి సిబ్బందికి చెప్పండి అన్న విషయం మూలంతో సహా అందులో ఉండాలి. ఇది మార్గదర్శిక కాదు, విజ్ఞాన సర్వస్వం అని మీతో వాదించేవాళ్లు వస్తారు. ఈకల మార్పిడి గురించి శాస్త్రీయంగా ఒక పేరా రాస్తే ఆ అభ్యంతరానికి చోటుండదు.

ఇక ప్రతి సంఘటనకూ ముగింపు రాయండి, తెలిసినంత వరకే రాయండి. 2011 జూన్‌లో న్యూజీలాండ్‌లోని పెకా పెకా ఒడ్డుకు వచ్చిన ఎంపరర్ పెంగ్విన్ మంచు అనుకుందో ఏమో, ఇసుక మింగేసింది. పశువైద్యులు కడుపులోంచి ఆ ఇసుక తీశారు. సెప్టెంబరులో పరిశోధక నౌక మీద తీసుకెళ్లి దక్షిణ సముద్రంలో వదిలారు. కొన్ని రోజులకే దాని ట్రాన్స్‌మిటర్ నుంచి సంకేతాలు ఆగిపోయాయి. పరికరం ఊడిపోయిందా, పక్షికే ఏమైనా అయిందా అన్నది తేలలేదు. 2024 నవంబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని డెన్మార్క్ అనే ఊరి ఒడ్డుకు చేరిన ఎంపరర్‌ని కూడా కోలుకున్నాక సముద్రంలో వదిలారు. ఈ రెండింటిలో దేని కిందైనా 'క్షేమంగా ఇల్లు చేరింది' అన్న వాక్యం కనిపిస్తే వెంటనే తీసేసి, ఎందుకు తీశారో చర్చా పేజీలో రాయండి.